జనపనార కాళ్ళు చేసిన మేస్త్రీ

మా మేస్త్రీ పోయాడని పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసింది. గుండె ఆగిందట. ఆయన చేసిచ్చిన కాలు తొడుక్కునే, ఆయన్ని ఆఖరిసారి చూడటానికి వాళ్ళిల్లున్న ఫలక్‌నుమా వెళ్ళాను.

లారీ కింద పడి మోకాలి కింద కాలు పోయినప్పుడు, శాలిబండలో ఆయన షెడ్డు గురించి ఎవరో చెప్పారు. పెట్టుడు కాలిలో మన మొండికాలు కూర్చునే గిన్నెను ఆయన చేతితోనే తయారుచేసేవాడు. లోపల జనపనార గుడ్డ, బయట ఫైబర్‌గ్లాస్ గుడ్డ, పొరపొరకీ రెజిన్ జిగురు. అంతా గ్లాస్‌తోనే చేయొచ్చు కదా అన్నాను.

"గ్లాస్ గట్టిదే బిడ్డా. కానీ మస్తు బరువు, దెబ్బ తాకితే పటుక్కున పల్గుతది. నార జర ఓర్సుకుంటది. రెండూ కల్పితేనే నువ్వు మెట్లెక్కుతవ్."

ఎక్కాను. ఆ తర్వాత కూడా రోజూ ఆ షెడ్డుకు వెళ్ళి కూర్చోవడం అలవాటైంది. చేసిన ప్రతి గిన్నె అంచు మీదా వేలు తిప్పి చూసేవాడు. నారపోగు ఒక్కటి తగిలినా మళ్ళీ రెజిన్ పూసేవాడు. పక్కన చాయ్ చల్లారిపోయేది.

తర్వాత ఒక ట్రస్టు వాళ్ళొచ్చారు. ఉచితంగా కాళ్ళు పంచుతాం, పద్ధతి నేర్పమన్నారు. ఆయన వెనకాడాడు. "మంచోళ్ళే బాపు, నేర్పు" అన్నది నేనే. నేర్చుకున్నారు, ఆయనతో ఫొటో దిగి తమ పోస్టర్ల మీద వేసుకున్నారు. పని త్వరగా తెమలాలని బయటి గ్లాస్ పొర తగ్గించారు, రెజిన్‌తో అంచులు మూయడం మానేశారు. నార నీళ్ళు తాగి ఉబ్బుతుందని, పొరలు విడిపోతాయని చెప్పడానికి ఆయన రెండుసార్లు వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాడు. చూస్తాంలే అని పంపేశారు.

వానలకు గిన్నెలు పగిలాయి. జనం ఫొటోలో ఉన్న మనిషిని వెతుక్కుంటూ వచ్చారు. నయాపూల్ దగ్గర పూలమ్మే ఆమె విరిగిన కాలును బల్ల మీద పడేసింది.

"నీ మొఖం చూసి తొడిగిన. నడిరోడ్డు మీద పడ్డ!"

"కూసో అమ్మా, కొలత తీస్తా" అన్నాడాయన.

ఆమె వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "అది నువ్వు చెయ్యలేదని ఎందుకు చెప్పకపోతివి బాపు?"

"చెప్తే ఆమె నడుస్తదా?"

ఏడాదంతా ఆ కాళ్ళు మళ్ళీ చేస్తూనే ఉన్నాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

దహనం దగ్గర ట్రస్టు వాళ్ళు బ్యానర్ కట్టారు, ఆయన తమ మనిషేనని. దాన్ని విప్పి పక్కన పడేశాను. అంతకుమించి నాకు చేతనైంది లేదు.

మర్నాడు ఆయన భార్యా నేనూ షెడ్డు తాళం తీశాం. బల్ల మీద కొత్త గిన్నె ఒకటి ఆరి ఉంది. సన్నటిది, ఎడమకాలిది.

"ఇది ఎవలదో? పేరు గిట్ల రాయలే" అంది ఆయన భార్య.

దాన్ని రెండు చేతులతో పట్టుకుని వాకిట్లో నిలబడింది, రోడ్డున పోయేవాళ్ళ కాళ్ళకేసి చూస్తూ.