పూజకు విప్పిన వైరు

స్వరపేటిక తీసేసే ఆపరేషన్‌కు వారం ముందు మా ఆయన పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని తన మాటలు తానే రికార్డు చేసుకున్నారు. "జెర చాయ్ పెట్టు", "ఏందీ, ఇంత లేటైంది?" లాంటివి. నా పేరు మాత్రం మూడు రకాలుగా పిలిచారు: మామూలుగా, ముద్దుగా, కోపంగా. ఆపరేషన్ తర్వాత మీట నొక్కితే ఆ గొంతే పలకాలి.

కరెంటు పోతుందన్న భయం కూడా ఆయనకే. రెజిమెంటల్ బజార్‌లో యూపీఎస్ కొని, దానికీ కంప్యూటర్‌కూ ఒక సన్న వైరు కలిపారు.

"కరెంట్ పోయిందని ఈ వైరే కంప్యూటర్‌కు చెప్తది. బ్యాటరీ అయిపోకముందే అది మంచిగ బందైతది, కరెంట్ వస్తే మళ్ల అదే షురూ అయితది. నువ్వు పరేషాన్ గాకు."

గోడ ప్లగ్గు పీకి మరీ చూపించారు. నేను వింటే కదా! పొయ్యి మీద పాలు చూసుకుంటున్నాను. ఆసుపత్రిలో "ఇంకో కాపీ తీసి పెట్టు" అని పలక మీద రాసిస్తే సరేనన్నాను. ఆ సరే అక్కడే ఉండిపోయింది.

దసరాకు ఇంట్లో పనిచేసే వస్తువులన్నిటికీ పూజ చేస్తాం. ఆయన గొంతు అందులోనే ఉందని ఈసారి కంప్యూటర్‌ను మరింత భక్తిగా, వైర్లన్నీ విప్పి తుడిచి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. తిరిగి బిగించాక సన్న వైరు మిగిలింది. అది లేకుండానే అన్నీ వెలిగాయి. అక్కర్లేనిదనుకుని సొరుగులో పడేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు ఇద్దరం చెకప్‌కు వెళ్లినప్పుడు కరెంటు పోయింది. చెప్పే వైరు లేక కంప్యూటర్ బ్యాటరీ అయిపోయేదాకా నడిచి, ఉన్నపళంగా ఆగిపోయింది. మేం వచ్చేసరికి కరెంటు వచ్చి దానంతటదే లేచి కూర్చుంది. నల్లటి తెర మీద, ఆయన మాటలన్నీ దాచిన డిస్క్ కనిపించడం లేదని తెల్లక్షరాలు.

ఆయన వంగి యూపీఎస్ వెనక తడిమి, నా వైపు చూశారు. నేను సొరుగుకు పరుగెత్తి, వైరు తెచ్చి, ఏడుస్తూ బిగించాను.

మూడు రిపేర్ దుకాణాలు తిరిగాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "పాత డిస్క్ మేడమ్, ఏం రాదు" అన్నారు ముగ్గురూ.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన పలక తీసుకుని నా పేరు రాశారు. అంతే, పేరొక్కటే.

"కోపంగ పిలిచిన్రా?" అని అడిగాను.

ఆయన నోరు తెరిచారు, మూశారు. మళ్లీ బలపం పట్టుకుని, దాని కిందే, అవే అక్షరాలతో నా పేరే రాశారు.