బరువు తగ్గని వాటర్ బాటిల్

మొన్న సోమవారం పొద్దున గుమ్మంలో పాల ప్యాకెట్‌కు చీమలు పట్టాయి. దాన్ని ఎవరూ లోపలికి తేలేదు. అమ్మ ఫోన్ పట్టుకుని పక్కనే నిలబడిపోయింది. "మీ ఆరో క్లాస్ మిస్ పోయిన్రంట," అంది నా వైపు చూడకుండా.

సికింద్రాబాద్‌లో మా కాన్వెంట్‌కు రెండు భవనాలు. ఐదో తరగతి దాకా చిన్న భవనంలో ఆయా మమ్మల్ని వరుసగా బాత్రూమ్‌కు తీసుకెళ్ళేది. ఆరులో పెద్ద భవనానికి మారగానే ఎవరికి వాళ్ళే వెళ్ళాలి. అక్కడ బాత్రూములు వెనకాల, పదో తరగతి గదులు దాటాక ఉండేవి. తలుపులకు గడియలు లేవు. పెద్దమ్మాయిలు తలుపు తోసి నవ్వుతారని మొదటిరోజే తెలిసింది. నేను నీళ్ళు తాగడం మానేశాను. ఇంకా ఎందరు మానేశారో తెలియదు. ఎవరమూ చెప్పుకోలేదు.

కనిపెట్టింది మా క్లాస్ టీచర్. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. గొంతు పెంచేవారు కాదు. ఒక మధ్యాహ్నం కిటికీ గట్టు మీదున్న మా వాటర్ బాటిళ్ళను ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ వచ్చి, నా దాని దగ్గర ఆగారు.

"ఇదెవరిదమ్మా?"

లేచి నిలబడ్డాను.

"నీళ్ళు చేదుగా ఉన్నాయా?"

"దూప కాలే, మిస్."

"ఈ ఎండలో దాహం వెయ్యలేదా? నువ్వు పిల్లవా, ఒంటెవా?"

క్లాసంతా నవ్వింది. "నవ్వినవాళ్ళ బాటిళ్ళు కూడా బరువుగానే ఉన్నాయి," అన్నారావిడ. నవ్వు ఆగిపోయింది.

కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ రాత్రే నాకు చలిజ్వరం వచ్చింది. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టర్. నేను అమ్మకు కూడా కారణం చెప్పలేదు. "ఆ పెద్ద బిల్డింగ్ దీనికి పడలే. టీసీ తీసుకొని ఈడ్నే గల్లీల బడిల ఏస్త," అంది అమ్మ. నాకు పుస్తకాలు దొరికే చోటు ఆ బడి లైబ్రరీ ఒక్కటే. అయినా దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

మర్నాడు సాయంత్రం మిస్ ఇంటికొచ్చారు. మంచినీళ్ళు అడిగి, రెండో గ్లాసు నా చేతికిచ్చి, నేను తాగేదాకా చూశారు.

"తప్పు పిల్లది కాదమ్మా, మాది. బడి బాత్రూములకు గడియలే లేవు. నాకొక్క వారం ఇవ్వండి."

"మళ్ళ గిట్లనే అయితే?"

"అప్పుడు టీసీ నేనే తెచ్చిస్తా."

ఆ వారంలోనే మమ్మల్ని జతలు చేశారు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. "ఎవరు పిలిచినా వదలొద్దు. నేను పిలిచినా సరే." నా జత రెజిమెంటల్ బజార్‌లో గిన్నెల కొట్టువాళ్ళమ్మాయి. తలుపవతల నుంచి అరిచేది: "జల్ది రావే, చెయ్యి గుంజుతున్నది. లోపల పాఠం చదువుతున్నవా ఏంది?" నేను జవాబిచ్చేదాన్ని. పెద్ద భవనంలో తోటిపిల్లలతో నా మొదటి మాటలు అవే. వారం దాటాక అమ్మ టీసీ ఊసెత్తలేదు.

మిస్ తరచూ ఒక మాట అనేవారు: "భయపడ్డ పిల్ల అల్లరి చెయ్యదు. మంచిపిల్లలా కూర్చుంటుంది. అందుకే నాకు మంచిపిల్లల్ని చూస్తే భయం." తోటి టీచర్లు నవ్వేవారు. ఆవిడ నవ్వేవారు కాదు.

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి స్టేషన్ ఎదుట బస్టాపులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. క్షేమ సమాచారాలేవీ అడగకుండా, "ఇప్పుడు ఆరో తరగతిని ఎవరు చూస్తున్నారు?" అన్నారు. మా అక్క కూతురు ఆ బడిలోనే చదువుతున్నా, తెలియదన్నాను. ఆవిడ ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. "కనుక్కోమ్మా," అన్నారు. నేను కనుక్కునేలోపే ఈ కబురొచ్చింది.

ఆ సోమవారం సాయంత్రం సమాధుల తోటకు ఆరో తరగతి పిల్లల్ని వరుసగా తీసుకొచ్చారు. ప్రార్థన చాలాసేపు సాగింది. ఒక్కరూ కదల్లేదు, గుసగుసలాడలేదు. వరుస చివరి అమ్మాయి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని గేటు వైపే చూస్తోంది.

ఆ అమ్మాయి మా అక్క కూతురు.