కొంగుకు చిక్కిన పోగు

మంగళవారం పొద్దున షెడ్డు తాళం తీస్తుంటే అక్క కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది చిన్నమ్మా, దవాఖానలనే" అన్నాడు. నెలలుగా ఎదురుచూస్తున్న కబురే. తాళం మళ్లీ వేసేశాను.

ఎల్బీనగర్ వెనక సందులో మాది చిన్న షెడ్డు. లేత్ మీద కోసిన ఇనుప, ఇత్తడి ముక్కల అంచులకు సన్నటి ముళ్లు మిగులుతాయి. ఆకురాయితో వాటిని తీసి, చక్రం మీద మెరుగు పెట్టడం మా పని. మీరు కుళాయి తిప్పినప్పుడు వేలు తెగలేదంటే మాలాంటి వాళ్లెవరో ముందే ఆ అంచు అరగదీశారన్నమాట. నాకీ పని నేర్పింది అక్కే. తోబుట్టువు కాదు, నల్గొండ పల్లె మనిషి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నన్ను "ఓ ఆంధ్రమ్మా" అని పిలిచేది. నా "ఏంటండీ"ని నాలాగే పలికి షెడ్డంతా నవ్వించేది.

ఏళ్ల తరబడి ఇనుము పట్టి ఆమె వేళ్లు మొద్దుబారాయి. ముల్లు మిగిలిందో లేదో తెలిసేది కాదు. అందుకని అంచు మీద చీరకొంగు జార్చేది. పోగు చిక్కితే మళ్లీ ఆకురాయి అందుకునేది. "గిది ఎవ్వరి చేతికి పోతదో మనకెర్కనా? కోసుకుంటరు పాపం, జర మంచిగ తియ్యి" అనేది. కొత్తపేటలో ఎంత మంచి చీర కొన్నా వారానికే పోగులు లేచేవి. పెళ్లిళ్లకూ ఆ చీరలతోనే వచ్చేది.

చక్రం దగ్గర లేచే దుమ్ము మాత్రం ఏ కొంగుకూ చిక్కలేదు. ముక్కుకు కట్టుకున్నా లోపలికే పోయింది. దగ్గు ముదిరాక "పని మానెయ్యక్కా" అన్నాను.

"మానేసి ఏం జేస్తనే? ఇంట్ల గూసుంటే దగ్గు పోతదా?"

ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని, ఇక బాగుపడవని డాక్టరు చెప్పాక కూడా వచ్చింది. గాలి కోసం ఆమె భుజాలు ఎగసిపడుతుంటే నాకు ఒళ్లు మండేది. దుమ్ము లాగే ఫ్యాను పెట్టిస్తానని షెడ్డు ఓనరు సేటు అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు.

తుర్కయంజాల్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి అక్కకు కొత్త చీర కట్టారు. కొంగు పట్టుకుని చూశాను. ఎక్కడా పోగు లేవలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

ఇప్పుడు ఆమె పీట మీద నేనే కూర్చుంటున్నాను. నా వేళ్లకూ స్పర్శ తగ్గింది. నిన్న ఒక చిన్న ముక్క అంచు మీద కొంగు జార్చాను, పోగు చిక్కింది. విడదీసేలోపే దగ్గు తెర వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోతే, ఆ ముక్క కూడా దానికి వేలాడుతూ పైకి వచ్చింది.