రెండుసార్లు వెనక్కి పంపిన గిన్నె

మా ముస్లిముల వీధిలోకి వచ్చే ప్రతివాడి ఫోన్లోనూ ఒక జాబితా ఉంటుంది. చైనాలో షియాన్ వెళ్తే తినితీరాల్సినవట: బెల్టంత వెడల్పు నూడుల్స్, గొడ్డుమాంసం కూరిన రొట్టె, అన్నిటికన్నా పైన మా పావ్‌మో. పావ్‌మోలో సగం పని తినేవాడిదేనని మాత్రం ఆ జాబితా రాసినవాడు రాసి చావడు. మేం రెండు గట్టి రొట్టెలూ ఒక ఖాళీ గిన్నే ఇస్తాం. కూర్చుని పెసరగింజంత ముక్కలుగా చిదుముకోవాలి. మా ముసలాళ్ళకి గంట పడుతుంది, ఆ గంటలో ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ ఏకరువు పెట్టేస్తారు. తర్వాత గిన్నెకి నంబరు బిళ్ళ తగిలించి వంటింట్లోకి పంపిస్తారు. నేను ఒక్కో గిన్నెనీ విడిగా మటన్ సూపులో ఉడికించి, మాంసం, సేమ్యా వేసి అదే మనిషికి తిప్పి పంపుతాను. ముక్కలు పెద్దవైతే లోపల పిండిపిండిగా ఉండిపోతుంది. అలాంటి గిన్నెని మేం వండం. మళ్ళీ చిదమమని వెనక్కి పంపేస్తాం.

ఆ పద్ధతి పెట్టింది మా గురువు జియా వాన్‌లిన్. నలభయ్యొక్క ఏళ్ళు అదే పొయ్యి ముందు నిలబడ్డాడు. వంటింటికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ ఉంది. అందులోంచి ఆయన తొంగిచూడగా నేనెప్పుడూ చూడలేదు. గిన్నెని చూడాలి గానీ మనిషిని చూడకూడదనేవాడు. ఓసారి సొంత పెళ్ళాం గిన్నెనే తిప్పి పంపాడు. ఆవిడ నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఈయన అది గమనించను కూడా లేదు.

నేను పంతొమ్మిదో ఏట ఆయన దగ్గర చేరాను. పదకొండు నెలలు గరిటె ముట్టుకోనివ్వలేదు, రొట్టెలే చిదిమించాడు. బొటనవేలి గోటితో గిల్లి, అర మెలి తిప్పి లాగడం ఆయన పద్ధతి. అలా లాగిన ముక్కకి ఒక పక్క చిన్న తోకలా మిగులుతుంది, ఆ తోకకే సూపు పడుతుందనేవాడు. అది వచ్చేదాకా నా వేలి కణుపుల మీద గరిటె కాడతో కొట్టాడు. ఊరంతా వెతికినా ఆ మెలి ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ రాదు.

ఆ ఏడే మా నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. ఇటుకబట్టీలో పనిచేసే మనిషి, వేళ్ళన్నీ పగుళ్ళు. ఆయన గిన్నె రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. మూడోసారి నాన్న లేచి, నాకు ఆకలిగా లేదులే అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కొట్టుకి రాలేదు. ఆ వచ్చినవాడు మా నాన్న అని గురువుకి తెలీదు. తెలిసినా అదే చేసేవాడు. ఇరవయ్యేడేళ్ళు గురువు కాళ్ళ దగ్గరే ఉన్నాను, ఆ ఒక్క పూటని మాత్రం క్షమించలేకపోయాను.

నాలుగేళ్ళ కిందట గురువుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఊరి ఉత్తరాన కూతురు షియోజెన్ ఇంటికి చేరాడు. మొదట్లో నెలకోసారి వెళ్ళేవాణ్ణి, తర్వాత పండక్కి, తర్వాత అదీ లేదు. తీరిక లేదని చెప్పుకున్నాను. అబద్ధం, నాకు తీరిక ఉండేది.

మొన్న అక్టోబరు సెలవుల్లో జనం వీధి దాకా వరస కట్టారు. వడ్డించే గుయ్‌లాన్ ఒక గిన్నె తెచ్చింది. పాపం కొత్తమనిషి, గురువుని ఎరగదు. ముక్కలు బొటనవేలంత ఉన్నాయి. సరిగ్గా చూడకుండానే తిప్పి పంపాను. అరగంటకి అదే గిన్నె మళ్ళీ వచ్చింది. ఈసారి చూశాను. ముక్కలు ఇంకా పెద్దవే. కానీ ప్రతి ముక్కకీ ఒక పక్క తోక ఉంది, మెలి మాత్రం ఎదురు దిక్కుకి తిరిగింది. ఎడమచేత్తో తిప్పిన మెలి అది.

నాకు తెలిసిపోయింది. కిటికీ మూడడుగుల దూరంలో ఉంది. వెళ్ళి చూస్తే చాలు, చేతులు పట్టుకుని లోపలికి తీసుకొచ్చేవాణ్ణి. కదల్లేదు. మా నాన్న లేచి నిలబడి జనానికి సంజాయిషీ చెప్పుకోవడం కళ్ళముందు కనబడింది. హాలంతా వినబడేలా అన్నాను:

"ఇది కోళ్ళకి చల్లే మేత కాదు, మనుషులు తినేది. ఆయనకి చేతులున్నాయో లేవో కనుక్కో, గుయ్‌లాన్."

కాసేపటికి గుయ్‌లాన్ ఖాళీ గిన్నెతో వచ్చింది. ఎవరో ముసలాయనట. నిజమే, పెద్దగానే ఉన్నాయన్నాడట. ముక్కలన్నీ చేతిరుమాల్లో మూటకట్టుకుని కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడట. అప్పుడు వీధిలోకి పరిగెత్తాను. ఆ జనంలో ఎక్కడ దొరుకుతాడు?

తొమ్మిది రోజులు వాయిదా వేశాను. పదోరోజు శుక్రవారం నమాజు అయ్యాక, ఫ్లాస్కులో సూపూ, సంచిలో రొట్టెలూ పట్టుకుని వెళ్ళాను. కాళ్ళమీద పడి ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే వెళ్ళాను.

తలుపు తీసిన షియోజెన్ గుమ్మంలోనే మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఏడాదిగా రోజూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో రొట్టె చిదమడం నేర్చుకుంటున్నాడట. తను చిదుముకున్న గిన్నెని నా చేత వండించుకుని ఒక్కసారి తినాలని ఆయన కోరికట. ఆ రోజు తోడొస్తానన్నా వద్దని, ఒక్కడే రెండు బస్సులు మారి వెళ్ళాడట.

గురువు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సలాం చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి సూటిగా అడిగాడు.

"చాంగ్‌షెంగ్, ఆ రోజు ఆ గిన్నె నాదని నీకు తెలుసా?"

చెప్పాల్సింది ఒక్క మాట.

"తెలీదు, గురువుగారూ."

ఆయన మొహం విప్పారింది. "విన్నావా, షియోజెన్? వీడు గిన్నెనే చూశాడు, మనిషిని చూడలేదు. నేను తయారుచేసిన మనిషి అంటే వీడే." నా భుజం తట్టాడు.

తర్వాత ఆయన తన ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నీకే ఆనవాలు దొరకలేదంటే, నా మెలి పోయినట్టేరా. ఏడాది నుంచీ వచ్చిందనే అనుకుంటున్నాను."

నిజం చెప్పడానికి అప్పటికీ వ్యవధి ఉంది. వచ్చింది గురువుగారూ, చూడగానే పోల్చుకున్నాను అంటే చాలు, ఆయన మెలి ఆయనకి దక్కేది. కానీ అలా అంటే, పోల్చుకుని కూడా ఆ కోళ్ళ మేత మాట అన్నానని ఒప్పుకోవాలి. నేను తలొంచుకున్నాను.

ఆయన సంచిలోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వే చిదుము" అన్నాడు. చిదిమాను. పొయ్యి వెలిగించి వండి పెట్టాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాడు, బాగుందన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చోవడం లేదని, రొట్టె ఇచ్చినా పక్కన పెట్టేస్తున్నాడని షియోజెన్ ఫోన్ చేసి చెప్పింది.