కారణం బోర్డు మీద ఖాళీ లేదు

మా మావయ్యకి అసూయ ఎక్కువ. డబ్బున్నవాళ్ల మీదా, కార్లున్నవాళ్ల మీదా కాదు, తిట్లు తినేవాళ్ల మీద. ఎక్కడ ఏది పాడైనా ఆ నింద ఇంకొకరికి దక్కిందంటే ఆయనకి అన్నం సహించదు.

ఇంట్లో కూర మాడిందనుకోండి. పొయ్యి సంగతే మరిచిపోయానని అత్తయ్య నొచ్చుకుంటే ఈయన మూతి ముడిచేవాడు. ఆవిడని కబుర్లలో పెట్టింది తనేనట, కాబట్టి మాడ్చిందీ తనేనట. "సరే, మీరే మాడ్చారు, రండి" అని అత్తయ్య ఓడిపోయాక గానీ కంచం ముందు కూర్చునేవాడు కాదు. కూర్చున్నాక ఆ కూరే రెండుసార్లు వడ్డించుకునేవాడు.

ఇలాంటి మనిషి తాళాల ఫ్యాక్టరీలో యూనియన్ సెక్రటరీ. అదే ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో, నేను కొత్తగా చేరాను. చేతిలో డిగ్రీ, కడుపులో పేరు తెచ్చుకోవాలన్న ఆబ.

గేటు లోపల, హాజరు మిషన్ పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. "పోయిన వారం అమ్మకాలు తగ్గడానికి కారణం" అని ప్రతి సోమవారం మేనేజర్ స్వయంగా సుద్దముక్కతో రాసి, కింద ఏదో ఒక విభాగం పేరు పెట్టేవాడు.

అసలు కారణం బజారులో ఎవర్నడిగినా చెబుతారు. పొదుపు పేరుతో పైవాళ్లు తాళంచెవుల రకాలని నాలుగొందల నుంచి ఆరుకి దించారు. దాంతో మా తాళం కొన్నవాళ్లు సొంత తలుపుతో పాటు పక్కింటి తలుపు కూడా తెరవగలిగేవాళ్లు. సరుకు లారీలకి లారీలు వెనక్కొచ్చేది. బోర్డు మీద మాత్రం ఒక వారం పాలిష్ విభాగం, ఇంకో వారం ప్యాకింగ్.

బోర్డు చూడగానే మావయ్య మొహం కందిపోయేది. నేరుగా మేనేజర్ గదిలోకి దూరేవాడు. తలుపు తీసే ఉండేది కాబట్టి అందరికీ వినపడేది.

"ఏం సార్, పాలిష్ వాళ్లు చేసిందేముంది? రెండు గంటలు మీటింగ్ పెట్టి పని ఆపింది మేం కాదా?"

"మీరే," అనేవాడు మేనేజర్ ఆశగా.

"మరి మా పేరేదండీ? ఇరవై ఏళ్లుగా ఈ కంపెనీని ముంచుతున్నాం. ఇంత కష్టపడితే ఇదా విలువ?"

మేనేజర్‌కి అంతకన్నా ఏం కావాలి. యూనియన్ అని రాస్తే పైవాళ్లు రెండో ప్రశ్న అడగరు. గబగబా వచ్చి పాత పేరు చెరిపి "యూనియన్" అని రాసేవాడు. మావయ్య కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు చిన్నవైపోయాయని సణిగేవాడు.

ఫ్యాక్టరీ అంతా ఆయన్ని "కారణంగారు" అని పిలిచేది. ఎక్కడికెళ్లినా కుర్చీ వేసేవాళ్లు, మొదటి టీ గ్లాసు ఆయనకే. నాకు కడుపు రగిలిపోయేది. రోజుకి ఎనిమిది వందల తాళాలు తిప్పి చూసే నా పేరు గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలీదు. కంపెనీని ముంచానని చాటుకునే మనిషికి ఇంత వైభవమా అని కుళ్లుకునేదాన్ని.

ఒక సోమవారం బోర్డు మీద "తనిఖీ విభాగం, కొత్తమ్మాయి" అని ఉంది. ఒకే తాళంచెవికి తెరుచుకుంటున్నాయని మూడొందల తాళాలు ఆపేశాను, దానికి బహుమానం. నిజం చెప్పాలంటే భయం కన్నా ముందు గర్వం వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. కొత్తమ్మాయి అంటే నేనే అని ఇద్దరికి చెప్పాను కూడా.

అంతలో మావయ్య వచ్చాడు. చూశాడు. దూరాడు.

"నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల కంపెనీని ముంచేసిందా? మరి మా అనుభవం ఏమైపోవాలి సార్?"

"తాళాలు ఆపింది ఆ అమ్మాయే కదయ్యా."

"ఆపమన్నది నేను. రాయండి."

ఆయన నాతో ఆ మాటే అనలేదు. అయినా పది నిమిషాల్లో నా పేరు సుద్దపొడి అయి రాలిపోయింది.

మధ్యాహ్నం ప్యాకింగ్ విభాగంలో అందరికన్నా పాత మనిషి, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ దగ్గరికెళ్లి గోల పెట్టాను. సొంత మేనకోడలి పేరు కూడా ఓర్వలేకపోయాడని. ఆవిడ డబ్బాకి టేపు వేస్తూ తలెత్తకుండానే అడిగింది.

"మీ విభాగం పేరు ఇంతకుముందు ఎన్నిసార్లు పడిందో తెలుసా?"

"రెండుసార్లు."

"మీ మావయ్య జ్వరంతో సెలవు పెట్టిన రెండు వారాలూ. మూడోసారి నిలబడితే ఆ విభాగంలో ఒకర్ని ఇంటికి పంపుతారు. అందరికన్నా కొత్తవాళ్లనే ముందు. ఉద్యోగం కాగితం చదవకుండానే సంతకం పెట్టావేంటమ్మా?"

యూనియన్ పేరు ఎన్నిసార్లు పడిందని అడిగాను. నూట తొంభై దాటి ఉంటుందట.

"మరి వాళ్లనేం చెయ్యరా?"

"యూనియనంటే ఒకరా ఇద్దరా? అందర్నీ ఇంటికి పంపితే తాళాలు మేనేజరే చేసుకోవాలి."

సాయంత్రం మావయ్యని నిలదీస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. "అదేం లేదమ్మాయ్. నాకు అసూయ, అంతే," అని పేపర్ అడ్డం పెట్టుకున్నాడు.

మరుసటి సోమవారం పెందలాడే వెళ్లి యూనియన్ ఆఫీసులో పేరు రాయించుకున్నాను. బయటికొచ్చేసరికి బోర్డు మీద "క్యాంటీన్" అని ఉంది. మావయ్య ఇంకా రాలేదు. ఏమైందో తెలీదు గానీ నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేనేజర్ గదిలోకి దూరాను.

"సార్, టీ ఇచ్చింది వాళ్లు. గ్లాసు పట్టుకుని అరగంట కూర్చుంది మేము. మా పేరేదండీ?"

మావయ్య వచ్చేసరికి క్యాంటీన్ చెరిగిపోయి "యూనియన్" పడిపోయింది. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నావైపు చూడకుండా వెళ్లిపోయాడు. మూడు రోజులు మాట్లాడలేదు. ఇంట్లో కూర బాగున్నా సరిగ్గా తినట్లేదని అత్తయ్య బెంగ పెట్టుకుంది.

నాలుగో రోజు హాజరు మిషన్ దగ్గర పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నీకైతే అక్షరాలు పెద్దగా రాశాడు," అన్నాడు కుళ్లుగా.