మంద రిజిస్టరులో ఆఖరి గడి

2023, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. యాంగోన్‌లోని లమ్మడా పేటలో నాకు పశువుల మందుల దుకాణం ఉంది. ముందు గదిలో మందులు అమ్ముతాను. వెనక గదిలో ఒక బల్ల, మైక్రోస్కోపు, టీకాలు పెట్టే ఫ్రిజ్, స్ట్రాలు దాచే నైట్రోజన్ క్యాను ఉంటాయి. స్ట్రా అంటే ఆబోతు వీర్యం నింపి గడ్డకట్టించిన సన్నని గొట్టం. వారంలో రెండు మూడు రోజులు ఊరి బయట ఫారాలకు వెళ్లి పశువుల్ని చూస్తాను. ఈ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మా ఆయన పోయారు. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన ఇక బతకరని ఆ ఇరవై రోజుల్లో నాకెవరూ చెప్పలేదు, "చూద్దాం" అన్నారంతే. పరామర్శకు వచ్చిన ప్రతివారితోనూ నేను ఈ మాటే చెప్పాను. నెల తిరక్కుండానే దుకాణం తెరిచాను. ఇంట్లో ఆయన పుస్తకాల అలమర ఎదురుగా కూర్చోవడం కన్నా అది తేలిక.

వానలు తగ్గుతున్న ఆ రోజుల్లోనే సింహాచలం గారు వచ్చారు. ఆయన పప్పులు, ఎండుమిరప టోకున అమ్ముతారు. మా దుకాణానికి రెండు వీధుల అవతల వాళ్ల కొట్టు. తాత పెట్టిన కొట్టు అది. ఇక్కడ బర్మాలో మా తెలుగువాళ్లలో ఆ వయసువారికి రెండేసి పేర్లుంటాయి. కాగితాల్లో ఆయన ఊ మ్యింట్ స్వే (ఊ అంటే గారు అని), ఇంట్లో సింహాచలం. ఒక ప్లాస్టిక్ కవరులోంచి దళసరి కాగితం తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఎద్దు జాతకం, డాక్టరమ్మా. సదివి సెప్పాల."

అది పెడిగ్రీ సర్టిఫికెట్. ఎడమవైపు పశువు పేరు, కుడివైపుకు పోతున్నకొద్దీ తండ్రి, తల్లి, తాతలు, అవ్వలు, ముత్తాతలు. తండ్రిని సైర్ అనీ తల్లిని డామ్ అనీ రాస్తారు. జాతి బ్రాహ్మణ్. ఇండియా పశువులనే విదేశాల్లో కలిపి మాంసం కోసం స్థిరపరచిన జాతి అది. అందులో ఒంగోలు రక్తం కూడా ఉంది. ఆ సంగతి చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"మరి మనోళ్లే అన్నమాట. దీనికి అయిదు తరాలు రాసీసి ఉన్నాది. పౌరసత్వం కార్డాఫీసులో మా తాత ఇక్కడోడేనని రుజువు సెయ్యడానికి నా సెప్పులు అరిగిపోయినాయి."

"మీ తాతకి ఇలా రాసిపెట్టేవాళ్లు లేరు," అన్నాను.

"ఉంటే నాకూ సెవికి బిళ్ల కట్టీసేవోరు," అని నవ్వారు. "పేరేమో బ్రామ్మణ్, పరాయి దేశాల్లో యాపారమేమో బీఫు. మా ఇంటిది రత్నం ఇని ఒకటే నవ్వు."

తర్వాత అసలు విషయం చెప్పారు. యాంగోన్‌కు ఈశాన్యంగా హ్లెగూ వైపు ఒక ఫారం ఉంది. దాని యజమాని ఊ సో తన మందలో సగం వాటా అమ్ముతానంటున్నాడు. ఒక ఆబోతు, ఇరవైకి పైగా ఆవులు, అన్నిటికీ కాగితాలున్నాయి. ఆ వాటా కొనాలంటే కొట్టు అమ్మాలి. దారుల్లో గొడవల వల్ల పై ఊళ్ల నుంచి సరుకు వేళకు రావడం లేదు. చేతిలో పెట్టుకుంటే డబ్బు విలువ నిలవడం లేదు. కొట్టు కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. వచ్చే సోమవారం చౌక్తడా పేటలో వకీలు దగ్గర రెండు సంతకాలు, ఒకటి కొట్టు అమ్మడానికి, ఒకటి మంద కొనడానికి.

"తప్పితే?" అని అడిగాను.

"తప్పితే నానూ రత్నమూ మిగుల్తాం. ఇంకేటీ మిగలదు. అందికే మీ కాడికి వొచ్చినాను. మీరు పెట్టమంటే పెడతాను, ఒద్దంటే మానీస్తాను."

ఆ మాట నాకు నచ్చలేదు. ఒకరి తాత కొట్టు నా నోటి మీద ఆధారపడిందంటే భయం వేసింది. నాకు తెలిసింది చెప్పడం మొదలుపెట్టాను. కాగితం పశువు ఎవరి సంతానమో చెబుతుంది, పశువు ఎలాంటిదో చెప్పదు. పుట్టిన ప్రతి దూడనూ తూచాలి, కాళ్లు చూడాలి, ఎదుగుదల చూడాలి. "బాగా లేనివాటిని మందలోంచి తీసేస్తారు. దాన్ని కల్లింగ్ అంటాం," అన్నాను.

"తియ్యాల మరి. పప్పులో రాళ్లు తియ్యమా," అన్నారాయన తల ఊపుతూ. ఆ పోలికకు ఇద్దరం తృప్తిపడ్డాం. "రత్నం ఒకటే మాటంది. కొయ్యడానికి కాదంటేనే ఒప్పుకుంటానంది. కాదే, ఇది జాతి పెంచడం అని సెప్పీసినాను."

ఆ మాట దగ్గర నేను ఆగవలసింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో టీకాలున్నాయి, జనరేటరు వేయడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి ఆయన వెళ్లడానికి నిలబడి ఉన్నారు. గురువారం ముగ్గురం కలిసి ఫారానికి వెళ్లాలని అనుకున్నాం.

దారిలో రెండుచోట్ల సైనికులు కారు ఆపి కార్డులు చూశారు. సింహాచలం గారు ప్రతిసారీ తన కార్డు కాస్త ముందుగానే తీసి పట్టుకున్నారు. రత్నం నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది.

ఊ సో అరవై దాటిన బర్మీయుడు, నెమ్మదస్తుడు. ఆబోతును కట్టుకొయ్య దగ్గరకు తెప్పించాడు. బూడిదరంగు తెలుపు, మెడ నలుపు, మూపురం నిటారుగా ఉంది. నేను బ్రీడింగ్ సౌండ్‌నెస్ పరీక్ష చేశాను. ఆబోతు చూలు కట్టించగలదా లేదా అని చూసే పరీక్ష ఇది. కళ్లు, పళ్లు, గిట్టలు, నడక చూసి, వృషణాల చుట్టుకొలత టేపుతో కొలిచి, వీర్యాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. చెవి బిళ్ల నంబరు కాగితంలోని నంబరుతో సరిపోయింది. అన్నీ బాగున్నాయి.

నిజం చెప్పాలంటే నేను లోపం కోసం వెతుకుతున్నాను. కుంటో, కంటిపొరో, కలవని నంబరో దొరికితే వద్దని చెప్పి బయటపడేదాన్ని. ఏదీ దొరకలేదు. సింహాచలం గారు ఎద్దుని వదిలేసి నా ముఖమే చూస్తున్నారు.

"ఏటి డాక్టరమ్మా, మాటాడరేటి?"

"ఎద్దు బాగుంది," అన్నాను. ఆయన ఊపిరి వదలడం వినిపించింది. నాకు మాత్రం ఇంకా గుబులుగానే ఉంది. బాగున్న ఎద్దును చూసి ఎందుకు గుబులో నాకే అర్థం కాలేదు. రిజిస్టరు అడిగాను. మందలో పుట్టిన ప్రతి దూడ వివరమూ అందులో ఉంటుంది.

ఊ సో వెంటనే తెచ్చి ఇచ్చాడు. చేత్తో గీతలు కొట్టుకున్న పెద్ద పుస్తకం, అంతా బర్మీస్‌లో రాసి ఉంది. పుట్టిన రోజు, సైర్, డామ్, బరువులు. అలవాటు ప్రకారం నేను పుట్టుకల దగ్గర మొదలుపెట్టి బరువుల దగ్గర ఆగి లెక్కలు సరిచూస్తున్నాను. గాలికి పేజీలు లేవకుండా రత్నం పక్కన కూర్చుని చేయి ఆనించి పట్టుకుంది. బర్మీస్ చేతిరాత ఆమెకు నాకన్నా బాగా వచ్చు.

"అక్కా, ఈ ఆకరి గడిలో అన్నీ ఒకటే మాట ఉన్నాదేటి?"

"ఏం మాట?"

"అథా."

అథా అంటే మాంసం. ఆమె వేలు కిందికి జరుపుకుంటూ చదివింది. అథా, అథా, అథా. ఒకచోట ఎవరిదో ఫారం పేరు, మళ్లీ అథా. పేజీ తిప్పింది. ఆ గడి పైన 'ఎక్కడికి పోయింది' అని రాసి ఉంది.

పెంపకానికి దూడల్ని కొనేవారు లేరా అని ఊ సోను అడిగాను.

"మొదట్లో ఇద్దరు ముగ్గురు ఉండేవారు, సయామా," అన్నాడు. సయామా అంటే ఇక్కడ డాక్టరుకూ పంతులమ్మకూ ఒకటే పిలుపు. "ఒకరు మానేశారు, ఒకరు దేశం వదిలి వెళ్లారు. ఇప్పుడు బ్రోకరు వస్తాడు. తూకం వేసి తీసుకెళ్తాడు, కాగితం అడగడు. నేను దాచలేదు. ఎవరూ అడగలేదు." మళ్లీ, "నేనూ తినను. దున్నిపెట్టే జీవమని మా అమ్మ చిన్నప్పుడే మాన్పించింది," అన్నాడు.

నా గుబులుకు కారణం అప్పుడు తెలిసింది. పెడిగ్రీ వ్యాపారం నిలబడేది మంచి పశువు మీద కాదు, ఆ కాగితాన్ని నమ్మి ఎక్కువ పెట్టి కొనే మరో పెంపకందారు మీద. అలాంటివాడు చుట్టుపక్కల లేకపోతే ఖర్చు జాతి పశువుది, రాబడి మాంసానిది. తూకం రాయి ముందు అయిదు తరాల కాగితానికి విలువ లేదు.

రత్నానికి ఈ లెక్క అక్కర్లేదు. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏటండీ, మీరు నాకు సెప్పింది ఇదేనా?"

"నాకేటి తెల్సు? తీసేస్తారు అంది డాక్టరమ్మ. దుక్కికి ఇచ్చీస్తారనుకున్నాను."

"పప్పులో రాయి తీసినాక ఆ రాయి ఎక్కడ పారేస్తామో తెల్దా మీకు? నలభయ్యేళ్లు కొట్లో కూకున్నారు గదా."

ఆయన నా వైపు తిరిగారు. "డాక్టరమ్మా, తీసేస్తారంటే కొయ్యడమేనా?"

"ఎక్కువసార్లు అదే."

"మరి ఆ మాటే అనొచ్చు కదేటి."

"అనొచ్చు. అనలేదు," అన్నాను.

తిరుగుదారిలో నగరం దగ్గరపడుతుండగా ఆయన అడిగారు. "ఇంతకీ పెట్టాల్నా, ఒద్దా?"

ఈసారి మెత్తని మాట వాడకూడదనుకున్నాను. ఎద్దు మంచిదని, కాగితాలు నిజమని, ఈ రోజుల్లో ఆ కాగితాలకు ఇక్కడ గిరాకీ లేదని చెప్పాను. అందుచేత మీరు కొనేది మాంసం వ్యాపారం, అది కూడా అవసరానికి మించిన ధర పెట్టి కొంటున్నారు. చేయదలిస్తే తెలిసి చేయండి. జాతి పెంచడం అనుకుని మాత్రం సంతకం పెట్టకండి.

"రేపు దారులు బాగుపడి కొనేటోళ్లు వొస్తే?"

"రావచ్చు. నాకు తెలీదు."

ఆయన తల ఊపారు. అదే ఊపు మా దుకాణంలో కూడా చూశాను. అందుకని, "నేను చెప్పింది మీ మాటల్లో ఒకసారి చెప్పండి," అన్నాను.

"బళ్లోలాగా?"

"బళ్లోలాగే."

"ఎద్దు మంచిది. కాయితం నిజం. కొనేటోడు లేడు."

"కోసీడానికే అని కూడా అనండి," అంది రత్నం, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

ఆయన కొంతదూరం పోనిచ్చి, "కోసీడానికే," అన్నారు.

సోమవారం దాకా నాకు స్థిమితం లేదు. వద్దనడం తప్పయితే? కొట్టు కొనేవాడు మళ్లీ దొరకకపోతే? ఆదివారం పొద్దున ఏ పనీ చేతికి రాక, మా ఆయన ఆసుపత్రి ఫైలు బయటికి తీశాను. అంతకుముందు దాన్ని రక్తపరీక్షల వరకే చదివాను. సంఖ్యలు చదవడం నాకు అలవాటు. ఆఖరి కాగితాలు ఎప్పుడూ తిప్పలేదు.

ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు తేదీతో అక్కడ ఒక వాక్యం ఉంది. 'పరిస్థితి భార్యకు వివరించడమైనది.' కింద డాక్టరు సంతకం.

ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. వరండాలో నిలబడి ఉన్నాం. కుర్రడాక్టరు, నిద్రలేని కళ్లు. మందులు ఇక పని చేయడం లేదని, నొప్పి లేకుండా ఉండేలా చూద్దామని అన్నాడు. అతను రెండు సంగతులు చెప్పాడు. నేను విన్నది 'చూద్దాం' ఒక్కటే.

సోమవారం సింహాచలం గారు చౌక్తడా వెళ్లలేదు. కొట్టు అమ్మలేదు. ఇప్పటికీ తలుపు ఒక రెక్కే తీస్తారు, సరుకు వచ్చినప్పుడు రెండోది. ఊ సో మందలో వాటా తర్వాత మరెవరో కొన్నారు. మాంసం ధర పెరిగిందని విన్నప్పుడల్లా నాకు లోపల ఒక్క క్షణం కలుక్కుమంటుంది. దారిలో కనబడితే ఆయన, "నన్ను కోటీశ్వరుణ్ణి అవ్వనీకుండా సేసినారు డాక్టరమ్మా," అంటారు. పక్కన ఉంటే రత్నం, "కోటీశ్వరులైనోళ్లని సూసినాం లెండి," అంటుంది.

ఆ తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. రిజిస్టరును ఆఖరి గడి నుంచి చదువుతాను. నేను చెప్పింది రైతు చేత అతని మాటల్లో తిరిగి చెప్పిస్తాను. కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. అయినా చెప్పించుకుంటాను.

ఆ మధ్యాహ్నం వరండాలో నన్నెవరూ అలా అడగలేదు. అడిగి ఉంటే నేను "చూద్దాం అన్నారు" అనేదాన్ని. అప్పుడా కుర్రవాడు మళ్లీ చెప్పేవాడు. తెలిసి గడపడానికి మాకింకా తొమ్మిది రోజులు ఉండేవి.