ఉప్పు వడ్డన నాకివ్వలేదు

మా చిన్నప్పుడు... మేనత్త పెళ్ళి ఇంకో వారం ఉందనగా నేను తలగడలకి ఉప్పు వడ్డించడం మొదలుపెట్టాను.

నవ్వకండి. పొందూరు పక్కన మా ఊళ్ళో అప్పట్లో పెళ్ళి భోజనం అంటే తాటాకుల పందిరి, నేల మీద బారుగా బంతి, అడ్డాకుల విస్తళ్ళు. వడ్డించేది ఇంటివాళ్ళే. పప్పూ పులుసూ పెద్దవాళ్ళవి... నీళ్ళు కాస్త ఎదిగిన పిల్లలవి... విస్తట్లో మొట్టమొదట పడే ఉప్పు మాత్రం ఇంట్లో చిన్నవాళ్ళది. ఉప్పు గిన్నె చేతిలో ఉందంటే నువ్వు ఆ ఇంటి మనిషివి. కూర్చుని తింటున్నావంటే చుట్టానివి. మా లెక్కలో లోకంలో ఉన్నది ఈ రెండు రకాల మనుషులే.

ఇక నా కాలి సంగతి... మరీ చిన్నప్పుడు వచ్చిన జ్వరం, పోతూ పోతూ నా కుడి మోకాలిని కర్రలా బిగించేసి పోయింది. ముడుచుకోదు. నిలబడతాను, నడుస్తాను, నడుం వంచుతాను. చెయ్యలేనిది ఒక్కటే... కింద మఠం వేసుకుని కూర్చోవడం. కూర్చుంటే ఆ కాలు రైలు గేటులా ముందుకి చాపుకుని ఉంటుంది.

మా వాళ్ళ వైద్యశాస్త్రం వేరు. కాలు బాగోలేని పిల్ల అంటే... కూర్చోబెట్టవలసిన పిల్ల.

అందుకే ఆ సాధన. వసారాలో తలగడలన్నీ బారుగా పేర్చి, ఒక్కోదాని ముందూ వంగి, చిటికెడు ఉప్పు. పెళ్ళినాటికి చెయ్యి బాగా తిరిగింది. తలగడల వైపునుంచి ఒక్క ఫిర్యాదూ లేదు.

పెళ్ళిరోజు మొదటి బంతి కూర్చోగానే గిన్నె పట్టుకుని దిగాను. ఇద్దరికి వేశానో లేదో, పెదనాన్న వచ్చి గిన్నె లాక్కున్నాడు.

“ఒసే, నీకెందుకే ఈ యాతన? కూకోయే తల్లీ!”

“కూకుంటేనే యాతన పెదనాన్నా. నిలబడితే నాకేటీ లేదు.”

“సూడు, కాలికే గానీ నోటికేటీ లోటు లేదు దీనికి!” అని పకపకా నవ్వి, గిన్నె తన కూతురి చేతికిచ్చాడు. నాకన్నా చిన్నది. ఒక విస్తట్లో గుప్పెడు పోసేది, పక్క విస్తరిని దాటేసేది. అందరూ ముచ్చటపడ్డారు.

అమ్మ వైపు చూశాను. రోజూ నాకు ఎత్తుపీట వేసి అన్నం పెట్టే మనిషి... ఆవిడకి తెలియనిది కాదు కదా. నా పక్కకొచ్చి చెవిలో మెల్లగా అంది.

“కూకోవే. ఊరోళ్ళు ఏటంతారు? కుంటిపిల్ల సేత పని సేయిత్తన్నారనరా?”

ఆ మాట బడిలో విన్నాను, బజార్లో విన్నాను. అమ్మ నోట వినడం అదే మొదలు.

కూర్చున్నాను. నా కాలు తన ధర్మం తప్పకుండా వడ్డించేవాళ్ళ దారికి అడ్డంగా చాచుకుంది. పులుసు బకెట్టుతో పరుగున వస్తున్న మావ దాన్ని తన్నుకుని పడ్డాడు. పులుసు అన్ని విస్తళ్ళకీ సమన్యాయం చేసి, మిగిలింది ఓ పెద్దాయన తెల్లటి పొందూరు పంచె మీద విశ్రమించింది.

“అందుకే దీన్ని కూకోబెట్టండని మొదట్నుంచీ సెప్తన్నాను!” అని అరిచాడు పెదనాన్న.

నేను కూర్చునే ఉన్నాను.

నవ్వొచ్చేసింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి... అవి ఆ నవ్వువి కావు. ఎదురు వరసలో ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. “ఎంత ఓర్పమ్మా! కాలు అలగున్నా నవ్వుతానే ఉన్నాది సూడండి!”

ఆ రోజునుంచీ నేను మా బంధువర్గానికి ఆదర్శమూర్తిని. పరీక్ష తప్పిన ప్రతి పిల్లాడికీ నన్నే మాత్రలా మింగించారు... “అక్కని సూసి నేర్సుకో” అని. నిజానికి బాగానే బతుకుతున్నాను. శ్రీకాకుళంలో ఓ కాలేజీలో పాఠాలు చెప్తాను, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే. నవ్వడమూ మానలేదు. మానితే మా వాళ్ళకి ఉదాహరణల కొరత వచ్చిపడుతుంది.

ఇప్పుడు బంతులు లేవు. మొన్న ఆ పెదనాన్న కూతురే, నా ఉప్పు గిన్నె అందుకున్న చెల్లెలే, ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. వంటకాలన్నీ ఎత్తు బల్లల మీద! వడ్డించేవాళ్ళు వంగక్కర్లేదు, తినేవాళ్ళు కూర్చోనక్కర్లేదు. ఎవరో నా మోకాలి కొలతలు తీసుకుని మరీ కనిపెట్టినట్టుంది. ఇన్నాళ్ళకి నా రోజులొచ్చాయనుకుని, గబగబా బల్ల వెనక్కి వెళ్ళి పులిహోర గరిటె అందుకున్నాను. చెల్లెలు చూసేసింది.

“అయ్యో, అక్క నిలబడే ఉన్నాది! ఎవరైనా కుర్చీ అట్టుకురండ్రా!”

వచ్చింది.

ఊరంతా నిలబడి తింటోంది... పందిరి మొత్తానికి ఒక్కటే కుర్చీ... అందులో నేను.

మీ మంచి కోరి, మీ ఇళ్ళల్లో మీ చేత ఏమేం మాన్పించారో కింద రాయండి. అన్నీ చదువుతాను... తీరిగ్గా కూర్చుని. ఇంకో దారి ఎలాగూ ఉంచలేదు.